లారీ పెట్టిన దారం పరీక్ష

ఆ రోజుల్లో సూరత్‌లోని మా డిండోలిలో కొత్తగా కలిసినవాణ్ణి ఏ ఊరు, ఏ కార్ఖానా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. లాక్‌డౌన్‌లో ఇక్కడే ఉన్నావా, ఊరికి ఉరికావా అని అడిగేవాళ్లు. ఇక్కడే ఉన్నవాడికి కుర్చీ వేసేవాళ్లు. ఉరికినవాడికి కూడా వేసేవాళ్లే, కాకపోతే కొంచెం దూరంగా వేసేవాళ్లు (అప్పట్లో ఎవరి కుర్చీ అయినా దూరంగానే వేసేవాళ్లని మా అమ్మ అంటుంది గానీ, ఆ దూరానికీ ఈ దూరానికీ తేడా నాకు తెలుసు). నేను ఉరికినవాళ్లలో ఒకణ్ణి. ఆ కాలం గురించి చెప్పేవాళ్లంతా భయం గురించీ ఆకలి గురించీ చెబుతారు. అవి నేనూ చూశాను, కాదనను. కానీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పమంటే, ఆ ఏడాది నన్ను పట్టి పీడించింది కరోనా కాదు, కడుపుమంట. మా బావను చూస్తే మంట, బావ పేరు వింటే మంట, బావ తుమ్మినా మంటే. ఆ ఏడు దీపావళికి ఆ మంట కడుపులోంచి చేతికి పాకింది.

మాది సిరిసిల్ల వైపు నేతపని కుటుంబం. తాత ఊళ్లో మగ్గం మీద నూలు బట్ట నేశాడు. నాన్న సాంచల మీదికి, అంటే కరెంటు మగ్గాల మీదికి మారి సూరత్ చేరాడు. నేను ఇక్కడి బళ్లో గుజరాతీ అక్షరాలు నేర్చుకుని, అవి పూర్తిగా రాకముందే బడి మానేసి, ఇరవై ఒక్క ఏళ్లకే ఎనిమిది సాంచలు ఒంటరిగా నడిపేవాణ్ణి. మేం నేసేదంతా పాలిస్టర్ చీరల బట్టే. ఇంట్లో అమ్మ, నాన్న, బాపమ్మ, నేను. బాపమ్మ అంటే నాన్నను కన్నతల్లి. కింది అంతస్తులో మా మేనత్త ఇల్లు. మేనత్త కొడుకే మా బావ. నాకన్నా నాలుగు నెలలు పెద్ద. బాపమ్మకు నేను కొడుకు కొడుకును, వాడు బిడ్డ కొడుకు. ఆమె మంచం పక్కన చిన్న పీట ఒకటి ఉండేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ పీట నాది. పాల మీద మీగడ కూడా నాదే. బావ వచ్చినప్పుడు గడపలో కూర్చునేవాడు, పాలు మాత్రం తాగి పోయేవాడు. లోకం అప్పుడు ఎంత సక్రమంగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటేస్తుంది.

లాక్‌డౌన్ వచ్చి సాంచలు ఆగిపోయాయి. పక్క బిల్డింగులో ఎవరికో వచ్చిందన్నారు, తర్వాత మా మెట్ల మీద ఎవరో రెండుసార్లు తుమ్మారు. మూడో తుమ్ము వినే ధైర్యం నాకు లేకపోయింది. ఇద్దరు దోస్తులతో కలిసి ఉల్లిగడ్డల లారీ ఒకటి మాట్లాడుకుని తెల్లారేసరికి బయలుదేరాను. ముందు నేను వెళ్లి ఊళ్లో పరిస్థితి చూసి అందరినీ పిలిపిస్తానని ఇంట్లో చెప్పాను (ఆ మాట నేను కూడా నమ్మాను, కనీసం మహారాష్ట్ర సరిహద్దు దాటేదాకా). అమ్మ ఏడ్చింది. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బాపమ్మ మాత్రం ఇరవై జొన్నరొట్టెలు, ఇంత మామిడికాయ తొక్కు ఒక పాత బట్టలో మూటకట్టి ఇచ్చింది. ఆ రొట్టెలు మూడు రోజులు వచ్చాయి. ఆ బట్ట మాత్రం చాలా కాలం వచ్చింది. దారిలో కింద పరుచుకున్నాను, ముక్కుకు కట్టుకున్నాను, తిరిగి వచ్చాక సాంచల నూనె చేతులు తుడుచుకోవడానికి కార్ఖానాలో మేకుకు తగిలించుకున్నాను. ఎంత రుద్దినా చిరగని మొండి గుడ్డ అది.

బతుకమ్మ పండగ దాటాక తిరిగి వచ్చేసరికి లోకం తలకిందులై ఉంది. మా బావ డాక్టర్ అయిపోయాడు. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినవాడు ఆరు నెలల్లో డాక్టర్ ఎలా అయ్యాడంటే, ఎవరో దాతలు ఇచ్చిన ఆక్సీమీటర్ ఒకటి వాడి చేతికి వచ్చింది. వేలికి బట్టల క్లిప్పులాగా తగిలిస్తే ఎర్రటి అంకెలు చూపించే ఆ డబ్బా పట్టుకుని వాడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మా బిల్డింగు పదహారు ఇళ్లూ తిరిగాడట. బియ్యం, పప్పు సంచులు మోశాడట. ఊపిరాడని వాళ్లను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడట. ఇవన్నీ నాకు ఒక్కరు కాదు, బిల్డింగులో ఉన్న ప్రతివాళ్లూ విడివిడిగా, నేనేదో అడిగినట్టు చెప్పారు. పిల్లల దగ్గర్నుంచి మా సొసాయిటీ పెద్ద, ప్రముఖ్ కాకా దాకా అందరికీ వాడు డాక్టర్ సాబ్. నాకు కూడా ఒక పేరు పెట్టారు. లారీ. లారీ వచ్చిండు, లారీ తిన్నడా, లారీని పిలువురి. అలా పిలిస్తే నేను పలకకుండా ఉండి చూశాను, హారన్ కొట్టి పిలవడం మొదలుపెట్టారు.

అది కూడా ఓర్చుకునేవాణ్ణే. కానీ పీట మీద బావ కూర్చుని ఉన్నాడు. నేను లేనప్పుడు బాపమ్మకు తొమ్మిది రోజులు జ్వరం వచ్చిందట. అమ్మకూ నాన్నకూ కూడా ఒళ్లు వెచ్చగా ఉంటే, బావ ఆ తొమ్మిది రోజులూ మా గడపలోనే పడుకుని, గంట గంటకూ బాపమ్మ వేలు పట్టుకుని చూశాడట. సిగ్గుపడాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. మీగడ గిన్నె వాడి చేతికి వెళుతుంటే, నాకు వేడి పాలే మంచివని (గొంతుకు మంచిదని డాక్టరే చెప్పాడట) అమ్మ నాకు పాలు ఇచ్చింది. బాపమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు. తిన్నావా, పన్నావా అని అడిగేది, మళ్లీ వాడితో మాటల్లో పడిపోయేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆమె నోటివెంట పదిమంది ముందర నా మనవడు అనే మాట నా గురించి రావాలి. ఆ ఏడాది నాకు అంతకు మించిన కోరిక లేదు.

దానికోసం మొదట నేను చేసిన ప్రయత్నం సానిటైజర్ స్టాండు. కార్ఖానాలో పాత సాంచ ఇనుప కడ్డీలు, ఒక స్ప్రింగు తెచ్చి, కాలితో తొక్కితే చేతిలో సానిటైజర్ పడేలా తయారుచేసి బిల్డింగు గేటు దగ్గర నిలబెట్టాను. వారం రోజులు అందరూ మెచ్చుకున్నారు. బాపమ్మ కూడా మెట్లు దిగి వచ్చి ఒకసారి తొక్కి చూసింది. తర్వాత ఏమనుకుందో, డాక్టర్ చేయించిండా ఇది అని అడిగింది. నేను స్టాండుకు వెనక వైపు సున్నంతో నా పేరు రాసుకున్నాను.

దీపావళి దగ్గరపడింది. ఆరు నెలలు ఇళ్లల్లో మగ్గిన పిల్లలు పటాకలు కావాలని గోల పెడుతున్నారు. ప్రముఖ్ కాకా అందరినీ మెట్ల మీద ఎడంగా కూర్చోబెట్టి మీటింగు పెట్టాడు. ఎవరి బాల్కనీలో వాళ్లు కాల్చకూడదు, మెట్ల మీద కాల్చకూడదు, బిల్డింగు వెనక ఖాళీ జాగాలోనే, దీపాలు పెట్టాక రెండు గంటలు మాత్రమే అని తేలింది. ఆసుపత్రులన్నీ నిండి ఉన్నాయి, ఈ ఏడు ఎవరికీ వేలు కూడా కాలకూడదని కాకా గట్టిగా చెప్పాడు. ఆ పని ఎవరికి అప్పగించాలి అనేది ఎవరూ అడగను కూడా లేదు, అందరి తలకాయలూ ఒకేసారి బావ వైపు తిరిగాయి. నా తలకాయ తప్ప. నేను లేచి నిలబడ్డాను. పటాకల కన్నా ప్రమాదం ఒంటి మీది బట్టలతోనే అని, పాలిస్టర్‌కు నిప్పు తగిలితే కరిగి తోలుకు అతుక్కుంటుందని, ఆ రోజు నూలు బట్ట కట్టుకున్నవాళ్లనే ఖాళీ జాగాలోకి రానివ్వాలని, ఏది నూలో ఏది కాదో తేల్చే మనిషి ఒకడు, ఆ జాగాకు దారి అదే కాబట్టి, గేటు దగ్గర ఉండాలని చెప్పాను. మాట నిజమే, సెల్‌ఫోన్ వీడియోలో చూసిందే. కాకా కాసేపు గడ్డం గోక్కుని, పని పంచేశాడు.

"కపడా తుమ్ దేఖో. ఆగ్ డాక్టర్ దేఖేగా," అన్నాడు హిందీలో, అందరికీ అర్థం కావాలని.

నిప్పు వాడికి, గుడ్డ నాకు. సగం రాజ్యం దక్కినట్టనిపించింది. నా అధికారం ఎంత పెద్ద చిక్కు తెచ్చిందో మర్నాడు గానీ తెలియలేదు. మా బిల్డింగులో పొద్దున లేస్తే పాలిస్టర్ నేసేవాళ్లే, కట్టుకునేదీ అదే, కిటికీకి కట్టేదీ అదే, అమ్మ కుట్టిన మాస్కులు కూడా చీర ముక్కల మాస్కులే. నూలు పోగు కోసం ఇల్లిల్లూ గాలించాల్సి వచ్చింది. ఆడవాళ్లు పండగకు కొన్న మెరిసే చీరలు చూపించి ఇది కాటనే అని ఒట్లు పెట్టారు. అప్పుడు నేను దారం పరీక్ష పెట్టాను. అది మా పనివాళ్లందరికీ తెలిసిందే. నాకు చిన్నప్పుడు బాపమ్మ నేర్పింది. బట్ట అంచులోంచి పోగు లాగి, ఎడమచేత్తో పట్టుకుని, అగ్గిపుల్ల చూపించాలి. నూలైతే చక్కగా కాలి, కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టరైతే ముడుచుకుని, కరిగి, చివర నల్ల పూస కడుతుంది. పండగ ముందురోజు నేను పూసలు చూపించని ఇల్లు లేదు. ఒక్కొక్క పూస చూపిస్తున్నప్పుడు నా ముఖంలో ఎంత గర్వం ఉండేదంటే, మూడో అంతస్తు పెద్దమ్మ తన పండగ చీరలోంచి లాగిన పోగు తిరిగి పెట్టిపొమ్మని అడిగింది.

ఆ వెతుకులాటలోనే బాపమ్మ పెట్టె గుర్తొచ్చింది. తాత చివరిసారిగా నేసిన దోతుల జోడీ ఒకటి ఆమె పెట్టెలో ఉండేది. చిన్నప్పుడు చూశాను, తెల్లగా, సన్నటి ఎర్ర అంచుతో. బిల్డింగుకంతా అసలైన నూలు అదొక్కటే. అది కట్టుకుని గేటు దగ్గర కూర్చుంటే నా ముందు బావ ఏ మూలకు? పెట్టె తెరిచి చూస్తే దోతులు లేవు. బాపమ్మను అడిగితే ఇచ్చేశానంది. ఎవరికని అడిగాను.

"ఎవలకియ్యాల్నో వాళ్లకే ఇచ్చిన, బిడ్డా," అంది, వక్క నములుతూ.

నాకు అన్నం సహించలేదు. ఎవరికి ఇచ్చిందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

దీపావళి నాడు పొద్దున బావ ఏర్పాట్లు మొదలుపెట్టాడు. పార్కింగులో బండ్లన్నీ బయటికి తీయించాడు. రెండు తొట్లనిండా ఇసుక, ఆరు బకెట్ల నీళ్లు వరసగా పెట్టించాడు. పటాకల అట్టపెట్టెలు దూరంగా మూత ఉన్న ఇనుప డ్రమ్ములో పెట్టి, ఒక్కొక్కటే తెచ్చి ఇస్తానన్నాడు. చిచ్చుబుడ్డి మీదికి వంగకూడదని, పొడుగు అగరుబత్తితో వెలిగించి వెనక్కి రావాలని, పేలని దాన్ని మళ్లీ ముట్టకూడదని, నీళ్లు పొయ్యాలని, కాలిన కాకరవొత్తులు బకెట్‌లో వెయ్యాలని, చెప్పులు కాదు బూట్లు వేసుకోవాలని పిల్లలందరి చేతా మూడుసార్లు చెప్పించాడు. పిల్లలు బడిలో కూడా అంత శ్రద్ధగా చెప్పి ఉండరు. నేను ఆ బకెట్లను చూసి కూడా కుళ్లుకున్నాను. బకెట్లు పెట్టాలని నాకు తోచలేదే అని కాదు, వాడికి ఆరు బకెట్లు ఇచ్చిన ఆడవాళ్లు నాకు ఒక్క నూలు బట్ట ఇవ్వలేదే అని.

అప్పుడు వాడు నా స్టాండు మీద చెయ్యి వేశాడు. గేటు దగ్గర్నుంచి దాన్ని ఎత్తి మెట్ల కింద గూట్లో పెట్టి, దాని చోట ఒక బకెట్, ఒక సబ్బు పెట్టాడు.

"బామ్మర్ది, గదాంట్ల స్పిరిట్ ఉంటది. అంటుకుంటది. ఇయ్యాల ఒక్కపూట సబ్బుతోని కడుక్కుందం," అన్నాడు.

ఇంత మెత్తగా చెప్పాడంటే ఇందులో ఏదో ఉంది అనుకున్నాను. చేతిలో వేసుకుంటే మంచులా చల్లగా ఉండేది మండుతుందా? చల్లటిది మండడమేమిటి? వీడికి నా పేరున్న ఒక్క వస్తువు కూడా గేటు దగ్గర ఉండకూడదు, అంతే. సరేనని తల ఊపాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వాడు స్నానానికి వెళ్లగానే స్టాండు మళ్లీ తెచ్చి, నా స్టూలు పక్కనే, పేరు నలుగురికీ కనబడేలా తిప్పి పెట్టాను.

ఆ సాయంత్రం మా బిల్డింగు జనం ఎలా దిగి వచ్చారో చూసి ఉండాల్సింది. నా పరీక్ష పుణ్యమా అని మగవాళ్లందరూ లుంగీలు, బనీన్లు. ఒకాయన దుప్పటి కప్పుకుని వచ్చాడు. ఇద్దరు పిల్లలకు టవల్లే చొక్కాల్లాగా చుట్టి పిన్నులు పెట్టారు. మూడో అంతస్తు పెద్దమ్మ పాత నేత చీర ఒకటి ఎక్కడో సంపాదించి, దాని మీద నగలన్నీ పెట్టుకుని, నన్ను చూడకుండా నా ముందు నుంచి నడిచిపోయింది. పండగలాగా లేదు, అగ్నిప్రమాదం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల శిబిరంలాగా ఉంది. నేను కూడా లుంగీ, బనీనే. ఒక్కొక్కరిని ఆపడం, పోగు లాగడం, స్టాండు తొక్కి చేతులు రుద్దుకోవడం (పదిమంది బట్టలు ముట్టుకుంటున్నాను కదా, కరోనా), అగ్గిపుల్ల గీయడం. మొదటి నలుగురితో ఏమీ కాలేదు. నింపాదిగా చేస్తున్నాను కాబట్టి చేతులు ఆరిపోయేవి. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న బాపమ్మ నన్నే చూస్తోంది. లోపల లోపల పొంగిపోతున్నాను.

అప్పుడు బావ వచ్చాడు. తెల్లటి లాల్చి, మెడకూ, చేతులకూ, కిందా సన్నటి ఎర్ర అంచు. తాత దోతి. కొలత తీసి కుట్టించినట్టుంది, ఎక్కడా ముడత లేదు. లుంగీల మధ్యలో వాడు పెళ్లికొడుకులాగా నడిచి వస్తుంటే అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. బాపమ్మ చెయ్యి చాపి ఆ అంచు పట్టుకుని చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. నాకు కళ్లల్లో నీళ్లు వచ్చాయి. అసూయతోనే వచ్చాయి, ఇంకో మాట చెప్పను. వాణ్ణి ఆపాను. పరీక్ష అన్నాను. అది తాత నేసిన నూలని బిల్డింగులో గుడ్డివాడికి కూడా తెలుసు, అందరికన్నా నాకు బాగా తెలుసు. అయినా ఆపాను. కుట్టినవాడు బట్ట మార్చి ఉండవచ్చు కదా, పోగు చివర ఒక చిన్న నల్ల పూస వచ్చినా చాలు, ఈ జన్మకు నాకింకేమీ వద్దనుకున్నాను. వాడు నవ్వి చేతి అంచు ముందుకు చాపాడు. పోగు లాగాను. కసి కొద్దీ స్టాండు రెండుసార్లు, కాదు మూడుసార్లు తొక్కాను. వాడు అప్పుడే స్టాండును చూసినట్టున్నాడు.

"ఏయ్, ఆగు, చేతులు తడిగున్నయ్..." అన్నాడు.

నేను ఆగితే ఈ కథే లేదు. అగ్గిపుల్ల గీశాను. మొదట మంట కనబడలేదు. కుడిచెయ్యి చుట్టూ నీలంగా గాలి కదిలినట్టయింది, అంతే. తర్వాత వేడి తెలిసింది, తర్వాత నేను అరిచాను. చెయ్యి విదిలిస్తే స్టాండుకు తగిలేది, అందులో సీసా నిండా అదే సరుకు ఉంది. బావ ఒక్క తన్నుతో స్టాండును గేటు అవతల పడేశాడు, రెండో క్షణంలో నా చెయ్యి మోచేతి దాకా సబ్బు బకెట్‌లో ఉంది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. చెయ్యి కాలుతున్నా నా కళ్లు బకెట్ వైపు లేవు, విరిగి పడి ఉన్న స్టాండు వైపే ఉన్నాయి. కావాలనే తన్నాడు, అనుకున్నాను.

వెంటనే బిల్డింగు బిల్డింగంతా వైద్యులైపోయారు. ఒకరు టూత్‌పేస్టు అన్నారు, ఒకరు పసుపు అన్నారు, దుప్పటాయన సిరా పొయ్యమన్నాడు. బావ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. కుళాయి దగ్గర కూర్చోబెట్టి, సన్నటి నీళ్ల ధార కింద చెయ్యి పెట్టించి, ఆక్సీమీటర్ చూసేటప్పటిలాగే గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు కదలనివ్వలేదు. ఆ ఇరవై నిమిషాలూ నాతో ఒక్క మాట కూడా ఎత్తిపొడిచి మాట్లాడలేదు. అది కూడా నాకు నచ్చలేదు. వేళ్ల మీద, మణికట్టు మీద బొబ్బలు లేచాయి. దవాఖానాకు పోయేదాకా వదులుగా కప్పాలి, శుభ్రమైన నూలు గుడ్డ కావాలి అన్నాడు వాడు. పదహారు ఇళ్ల జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. శుభ్రమైన నూలు గుడ్డ. ఉన్నదంతా లుంగీలై, దుప్పట్లై ఒంటి మీద చెమటలో తడుస్తోంది. బావ ఒక్క క్షణం ఆలోచించి, అప్పుడే ఉతికి ఇస్త్రీ చేయించిన లాల్చి కింది అంచు పళ్లతో పట్టి చీల్చాడు. తాత నేసిన బట్ట చిరుగుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. జానెడు వెడల్పు పట్టీ, ఎర్ర అంచుతో సహా, నా చేతి చుట్టూ వదులుగా చుట్టాడు.

ఆరోజు ఖాళీ జాగాలో పిల్లలందరూ కాకరవొత్తులు, చిచ్చుబుడ్లు కాల్చారు, ఇంకెవరికీ వేలు కూడా కాలలేదు. బావ ఆటో పిలిచి, నన్ను వీధి చివర దవాఖానాకు తీసుకుపోయి తీసుకొచ్చాడు. భయం లేదు, మచ్చ ఉంటుంది అన్నారు. తిరిగి వచ్చాక బాపమ్మ నన్ను తన మంచం పక్కన పీట మీద కూర్చోబెట్టుకుంది. ఎన్ని నెలలకు దక్కిందో ఆ పీట. అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. తాత దోతి వాడికెందుకు ఇచ్చావు, నేను నీ కొడుకు కొడుకును కానా అని చిన్నపిల్లాడిలాగా అడిగాను. ఏడ్చాను కూడా. బాపమ్మ ఆశ్చర్యంగా నా ముఖంలోకి చూసింది.

"ఏందిరా గట్లంటవ్. జోడీల ఒకటి వానికి, ఒకటి నీకు. నీది ముందుగల్లనే ఇచ్చిన గదా. లారీ ఎక్కినప్పుడు రొట్టెలు గట్టింది దేంట్ల అనుకున్నవ్? మల్ల వస్తవో రావో అని, మీ తాతది నీ ఎంట ఉండాలని గట్టిన. నువ్వు రొట్టెలు జూసినవ్, బట్ట జూడలే."

కార్ఖానాలో మేకుకు వేలాడుతున్న నల్ల గుడ్డ కళ్ల ముందు ఆడింది. ఊరందరి పోగులూ లాగి కాల్చి చూసినవాణ్ణి, ఆ ఒక్క గుడ్డను చెయ్యి తుడుచుకోవడానికి తప్ప చూసింది లేదు. పండగ సెలవుల తర్వాత లాభ పంచమికి కార్ఖానా తెరిచిన రోజు, పూజకు కొట్టిన కొబ్బరికాయ ముక్క కూడా తీసుకోకుండా ముందు మేకు దగ్గరికి ఉరికాను. ఎడమచేత్తోనే దాన్ని ఏడుసార్లు ఉతికాను. మామిడికాయ తొక్కు మరకా, సాంచ నూనె మరకా పోలేదు, ఎర్ర అంచు మాత్రం బయటపడింది.

ఏళ్లు గడిచాయి. బావ ఇప్పుడు కార్ఖానాలో మాస్టరు, కానీ బిల్డింగులో ఇంకా డాక్టరే. నా కడుపుమంట పూర్తిగా చల్లారిందని చెబితే అబద్ధమవుతుంది. ఎందుకంటే వాడు ప్రతి దీపావళికీ ఆ పొట్టి లాల్చే వేసుకుంటాడు. ఇది ఎందుకు పొట్టిగా ఉందని కొత్త పిల్లలు అడుగుతారు, వాడు మొదటి నుంచి చివరిదాకా చెబుతాడు. చెయ్యి కాలింది నాది, కథ మాత్రం వాడిది. బకెట్లు నింపే పని ఒక్కటి నాకు వదిలాడు. పొద్దున్నే లేచి ఆరుకు బదులు ఎనిమిది నింపుతాను, అందులో ఎవరి పోటీ లేదు. సానిటైజర్ లేదు, గేటు దగ్గర ఏ స్టాండూ లేదు. నూలు బట్టల నియమం మాత్రం నిలబడిపోయింది. ఇప్పుడు అందరూ పండగకు ఒక నూలు జత విడిగా కొనుక్కుంటున్నారు, పాలిస్టర్ నేసే చేతులతోనే.

గత దీపావళికి నా దోతి కూడా లాల్చి కుట్టించాను. కుట్టేవాడు ఆ మరకలు చూసి ఇంత మంచి బట్టను ఇట్లా ఎవడు పాడుచేశాడని అడిగితే, ఎవడో వెధవ అన్నాను. అది వేసుకుని దిగితే గేటు దగ్గర బావ ఆపాడు. పరీక్ష అన్నాడు, ముఖంలో నవ్వు దాచుకుంటూ. ఇద్దరం సబ్బుతో చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఆరనిచ్చాం. వాడు నా చేతి అంచులోంచి పోగు లాగి అగ్గిపుల్ల చూపించాడు. అది నింపాదిగా కాలి బూడిదైంది. పక్కన కుర్చీలో బాపమ్మ ఉంది. ఆమెకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు, మనుషుల్ని గొంతుతోనో వాసనతోనో గుర్తుపడుతుంది. ముక్కు పైకెత్తి, గాల్లో ఏదో పట్టుకుంది.

"గిది మీ తాత నూలు. ఎవల్దిరా, డాక్టర్‌దా, లారీదా?"

ఇన్నేళ్లూ ఆ పేరుకు పలకనివాణ్ణి, "లారీది బాపమ్మా," అన్నాను. ఆమె చెయ్యి చాపి లాల్చి అంచు తడిమి, అక్కణ్ణుంచి నా చేతి మీది మచ్చ దాకా వచ్చి ఆగింది. నా మనవడు అంటుందేమోనని ఒక్క క్షణం చూశాను. అనలేదు. బకెట్లు నిండినయా అని అడిగింది. నిండాయని చెప్పి, ఆ రోజు ఉల్లిగడ్డల లారీ ఎక్కిన కుర్రవాణ్ణి తలుచుకుని నాలో నేను నవ్వుకుంటూ, ఇంకో రెండు నింపడానికి కుళాయి దగ్గరికి వెళ్లాను.